మీటరు మూడు దగ్గరే ఉంది

జూన్ 4, బుధవారం

జ్వరం తగ్గి పన్నెండు రోజులైంది. ముక్కు ఇంకా తెరుచుకోలేదు. ఆవిరి పట్టాను, చుక్కలు వేసుకున్నాను. పాతబడిన జలుబు ఇలాగే సతాయిస్తుంది. వాసన అదే వస్తుంది.

మా కార్ల షెడ్డులో ఉన్న తలనొప్పి ఇప్పుడు నా బల్లకి వచ్చింది. పళ్ళ డాక్టరుగారి పాత స్పోర్ట్స్ కారు. ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసు, రెండే సీట్లు, నేలకి జానెడు ఎత్తు. తమ్ముడు చూడగానే "కప్ప" అని పేరు పెట్టాడు. ఇంజనుకి పెట్రోలు చిమ్మే దాని ఇంజెక్షన్ పెట్టె చచ్చిపోయింది, విడిభాగాలు ఎక్కడా దొరకవు. వీడు నెల రోజులు లాప్‌టాప్ తగిలించి, వైర్లు పీకి, మళ్ళీ కలిపి, చివరికి చేతులెత్తేశాడు. ఇంజెక్షన్లు వాడి బల్ల, కార్బురేటర్లు నా బల్ల. నాన్న పోయాక షెడ్డుని అలా పంచుకున్నాం. ఈమధ్య వాడి బల్ల దగ్గర జాగా చాలడం లేదు. నా బల్ల మీద పిల్లి పడుకుంటోంది.

"అక్కా, ఇంజెక్షన్ పీకేసి జంట కార్బురేటర్లు పెట్టేద్దాం. ఇంక నువ్వే దిక్కు," అన్నాడు.

డాక్టరుగారు నావైపు తిరిగారు. "మీ ముక్కు గురించి విన్నానమ్మా. కారు గేటు దాటి లోపలికి రాకముందే పెట్రోలు ఎక్కువ తాగుతోందో తక్కువ తాగుతోందో వాసన చూసి చెప్పేస్తారట కదా!"

"ముక్కు మేస్త్రీ అంటారండీ మా అక్కని," అన్నాడు తమ్ముడు, వాడే ఆ ముక్కుని కన్నట్టు.

నేను నవ్వి ఊరుకున్నాను. వచ్చే నెల పన్నెండుకి కారు కావాలట. భార్యను ఎక్కించుకుని కొండ దారిలో వెళ్తారట. ఆవిడ ఆ కారెక్కి పదకొండేళ్ళయిందట.

నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఈ పని ఒప్పుకోకుండా ఉండాల్సింది. ఒప్పుకోకపోతే నా బల్ల పూర్తిగా పిల్లిదే.

జూన్ 6, శుక్రవారం

పాత పంపు పీకేశాను. అది ఇంజెక్షన్ కోసం పుట్టిన పంపు, నలభై పౌన్ల ప్రెషర్‌తో కొడుతుంది. కార్బురేటర్‌కి కావలసింది మూడే. లోపల చిన్న గిన్నె, గిన్నెలో తేలే బెండు. గిన్నె నిండితే బెండు లేచి, దాని మీది సూది పెట్రోలు దారి మూస్తుంది. పాపం ఆ సూది మూడు పౌన్లని ఆపగలదు. నాలుగు దాటితే దాని వల్ల కాదు. గిన్నె పొంగి పెట్రోలు బయటికి కారుతుంది, కారేది కాలే ఇంజను మీదకి. పసిబిడ్డకి పాలు పట్టినట్టు పట్టాలే గాని బిందెతో కుమ్మరించకూడదు అనేవాడు నాన్న.

టక్ టక్‌మనే చిన్న పంపు పెట్టాను. దానిది ఆరు పౌన్లు. మధ్యలో రెగ్యులేటర్ పెట్టి, దాని మర తిప్పి మూడుకి దించాలి. కార్బురేటర్ల పక్కనే ప్రెషర్ మీటరు కూడా బిగిస్తున్నాను. నూనె నింపిన కొత్తరకం, ముల్లు వణకదు.

"ముప్ఫై ఏళ్ళలో నువ్వు మీటరు అడగడం ఇదే మొదలు," అన్నాడు తమ్ముడు.

"కాలం మారలేదా?" అన్నాను.

జూన్ 7, శనివారం

పాలు మాడాయి. మా ఆయన ముందుగదిలోంచి పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆపారు. నేను పొయ్యికి రెండడుగుల దూరంలో ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఉల్లిపాయకి కళ్ళు మాత్రం బాగానే నీళ్ళు పెట్టుకున్నాయి.

"చూసుకోలేదా?" అన్నారు.

"ధ్యాస లేదు," అన్నాను. "లైబ్రరీలో మీలాగ కూర్చుని చేసే ఉద్యోగమా నాది? అలిసిపోయి వచ్చాను."

ఆయన మాడిన గిన్నె తీసుకుని చాలాసేపు తోముతూ ఉండిపోయారు. నాకు ముక్కు మీద కోపమని పెళ్ళైన మొదటి వారంలోనే తెలుసుకున్న మనిషి. కోపం తగ్గాక అయినా అడుగుతారేమో అనుకున్నాను. అడగలేదు.

జూన్ 10, మంగళవారం

వాసన రాలేదు.

జూన్ 11, బుధవారం

కప్ప నోరు విప్పింది. మొదటి తిప్పుకే. మీటరు మూడు దగ్గర రాయిలా నిలబడింది. డాక్టరుగారు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు. ఆ శబ్దం వింటే నాకూ ఒంట్లో కాస్త ప్రాణం వచ్చింది. అబద్ధం ఎందుకు, సంతోషమేసింది.

"వాసన ఎలా ఉందక్కా?"

"బాగుంది."

"బాగుంది అంటే? నాకు కొంచెం ఘాటుగా..."

"బాగుంది అంటే బాగుంది! కార్బురేటర్లు నువ్వు నేర్పుతావా నాకు?"

వాడు నోరు మూసుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

స్పార్క్ ప్లగ్గులు విప్పి రంగు చూసి సరిచేశాను. ఇటుక రంగు వచ్చింది, అంటే పెట్రోలూ గాలీ పాళ్ళు కుదిరినట్టే. ముక్కు అవసరమే పడలేదు. అసలు వాసన చూసి పని చెయ్యడం మొరటు పద్ధతి. ఎప్పుడో మానేయాల్సింది.

జూన్ 14, శనివారం

ఇంజను వేడెక్కాక మీటరు పడిపోతోంది. చల్లగా ఉన్నప్పుడు మూడు. ఇరవై నిమిషాలు తిరిగాక ఒకటిన్నర. కొండ ఎక్కేటప్పుడు పెట్రోలు అందక ఆగిపోతే? పదకొండేళ్ళ తర్వాత ఎక్కిన ఆవిడ కొండ మధ్యలో దిగి తొయ్యాలా?

రెగ్యులేటర్ మర ముప్పావు చుట్టు తిప్పాను. ఇప్పుడు వేడి మీద మూడు చూపిస్తోంది. హమ్మయ్య.

జూన్ 16, సోమవారం

పొద్దున కప్ప చల్లగా ఉన్నప్పుడు చూస్తే మీటరు నాలుగున్నర. వేడెక్కితే అదే దిగుతుంది. కారు తిరిగేది వేడి మీదే కదా.

ఈయనకి గ్యాసు పిచ్చి పట్టుకుంది. ఇంట్లోంచి బయల్దేరేముందు సిలిండర్ నాబ్ చూస్తారు, చెప్పులేసుకున్నాక మళ్ళీ వెనక్కి వెళ్ళి చూస్తారు. "వయసు మీదపడితే చాదస్తం కూడా వస్తుందన్నమాట," అన్నాను. నవ్వారు. నా షెడ్డు బట్టలు ఇంట్లో పెట్టనివ్వడం లేదు, తీసుకెళ్ళి బాల్కనీలో వేస్తున్నారు. ముప్ఫై ఏళ్ళుగా లేని సోకు ఇప్పుడెందుకో!

జూన్ 19, గురువారం

తమ్ముడు భోజనానికి వెళ్ళినప్పుడు పెట్రోలు డబ్బా మూత తీసి ముక్కుకి ఆనించుకున్నాను. గుండెల నిండా పీల్చాను.

నీళ్ళని వాసన చూసినట్టే.

ఇది ఎవరికీ చెప్పను. ఇక్కడ రాస్తున్నానంటే ఈ పుస్తకం ఎవరూ తెరవరు గనక. చెప్తే ఏమవుతుంది? "అయ్యో" అంటారు. తమ్ముడు నా బల్లని గోడ వైపుకి జరుపుతాడు, చాలా మర్యాదగా జరుపుతాడు. వాసన తెలియని కార్బురేటర్ మేస్త్రీని ఎవరు పిలుస్తారు? ఉప్పు రుచి తెలియని వంటమనిషిని ఎవరు పెట్టుకుంటారు?

వస్తుంది. కొందరికి మూడు నెలలు పడుతుందట.

జూన్ 24, మంగళవారం

తమ్ముడి చెయ్యి కాలింది. నా వల్ల.

జూన్ 25, బుధవారం

నిన్న అంతకంటే రాయలేకపోయాను. ఈరోజు వరసగా రాస్తాను.

కప్పని రోడ్డెక్కించాం. వాడు నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. ముప్పావు గంట పందెం గుర్రంలా పరుగెత్తింది. తిరిగి వస్తుంటే రైలు గేటు పడింది. మండే ఎండ. ఇంజను ఆపేశాడు. గూడ్సు బండి, తోక కనబడదు. నేను దిగి, బానెట్ ఎత్తి, మీటరు ముందు నిలబడ్డాను.

బండి చివరి పెట్టెలు కనిపిస్తుండగా వాడు తాళం ఒక పిసరు తిప్పి పంపు వేశాడు. మామూలుగా అది కాసేపు టక్ టక్‌మని, గిన్నెలు నిండగానే ఊరుకుంటుంది. ఊరుకుందో లేదో రైలు మోతలో వినబడలేదు.

"తిప్పమంటావా అక్కా?" అని అరిచాడు. కిటికీలోంచి తల బయటపెట్టి నా మొహం వైపే చూస్తున్నాడు. అలా ఎందుకు చూస్తున్నాడో అప్పుడు ఆలోచించలేదు.

నేను మీటరు చూశాను. మూడు. ముల్లు కదలడం లేదు.

"తిప్పు," అన్నాను.

కార్బురేటర్ నోట్లోంచి ఫట్‌మని మంట ఎదురొచ్చింది. కింద కారి మడుగు కట్టిన పెట్రోలు అంటుకుంది. వాడు ఎప్పుడు తాళం తీశాడో, ఎప్పుడు దిగాడో తెలియదు. నన్ను భుజం పట్టి అవతలికి తోసేశాడు. కాళ్ళ కింది పట్టా లాగి మంట మీద కప్పి, కుడిచేత్తో అదిమి పట్టుకున్నాడు. వెనక లారీ డ్రైవరు మంటలార్పే సిలిండర్ తెచ్చి కొట్టాడు. అంతా కలిపి రెండు నిమిషాలు కూడా కాదు. గేటు లేచింది. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు.

అరచెయ్యి, మణికట్టు. వేళ్ళు పనిచేస్తాయి, నెల రోజులు ఓపిక పట్టమన్నారు ఆస్పత్రిలో. వాడి పనంతా జుట్టు మందాన ఉండే వైర్లతో.

ఆస్పత్రి బల్ల మీద పక్కపక్కన కూర్చున్నప్పుడు వాడన్నాడు, "గేటు దగ్గర ఆగగానే నాకు పెట్రోలు వాసన కొట్టిందక్కా. గట్టిగానే."

"మరి చెప్పలేదేం రా?"

"నువ్వు ఇంజను మీద తలపెట్టి నిలబడ్డావు. సీట్లో ఉన్న నాకే కొడితే నీకు కొట్టదా? నీ మొహం చూశా. నీ మొహంలో ఏమీ లేదు. సరే, పెద్ద లెక్కలోది కాదులే అనుకున్నా." మళ్ళీ అన్నాడు, "ఆ రోజు ఘాటుగా ఉందంటే తిట్టావు కూడా."

తిట్టాను. నోటి చివరిదాకా వచ్చింది, చెప్పేద్దామని. నర్సు వచ్చి పేరు పిలిచింది. నర్సు వెళ్ళాక కూడా చెప్పలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. కాలిన చేతులు వాడివి. ఆకులు కూడా నేను పట్టుకోలేదు.

జూన్ 28, శనివారం

మీటరుని విప్పి బల్ల మీద పెట్టాను. చేతి పంపు తగిలించి మూడు పౌన్లు ఎక్కించాను. మూడే చూపించింది. టీ కెటిల్లో నీళ్ళు మరగబెట్టి, మీటరుని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఆ నీళ్ళలో ముంచాను. పంపులో ప్రెషర్ అంతే ఉంది, ముల్లు మాత్రం మెల్లగా ఒకటిన్నరకి దిగింది. బయటికి తీసి చల్లార్చాను. మళ్ళీ మూడు. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ అంతే.

లోపలి నూనె వేడికి ఉబ్బి ముల్లుని వెనక్కి నెడుతోంది. ఇంజను పక్కన బిగించిన మీటరు వేడెక్కిన ప్రతిసారీ తక్కువ చూపిస్తోంది. నిజానికి ప్రెషర్ ఎప్పుడూ పడిపోలేదు. పడని ప్రెషర్‌ని నేను పెంచాను.

తమ్ముడు కట్టు కట్టిన చేత్తో వచ్చి నిలబడి చూశాడు. వాడి మొహం ఒక్కసారి వికసించింది. "చూశావా! మీటరు మోసం చేసింది. ఇందులో నీ తప్పేముందక్కా?" వెంటనే ఎడమచేత్తో డాక్టరుగారికి ఫోన్ చేసి అదే చెప్పాడు. ఆయన కూడా "అమ్మని బాధపడొద్దని చెప్పు" అన్నారట. అందరికీ భారం దిగింది. నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

జూలై 1, మంగళవారం

తప్పు మీటరుదే.

జూలై 2, బుధవారం

తప్పు మీటరుదే. నూనె మీటర్లు వాడే ప్రతి మెకానిక్‌కీ ఈ సంగతి చెప్పాలి.

జూలై 4, శుక్రవారం

పొద్దున చల్లగా ఉన్నప్పుడు అది నాలుగున్నర చూపించింది. అప్పుడు నిజమే చెప్పింది, రోజూ పొద్దున్నే చెప్పింది. రెండు అంకెల్లో నాకు నచ్చిన అంకెని నేను నమ్మాను. ముక్కు ఉంటే ఏ అంకెనీ నమ్మాల్సిన పనే లేదు.

తమ్ముడు ఎడమచేత్తో అన్నం తింటున్నాడు. చెంచా వద్దంటాడు. చూడలేకపోయాను.

జూలై 8, మంగళవారం

కాలిన గొట్టాలన్నీ మార్చాను. కార్బురేటర్లు విప్పి కడిగి, సూదులు కొత్తవి వేశాను. నాన్న పెట్టెలో నూనె లేని పాత మీటరు దొరికింది. దాన్ని తగిలించి, ఇంజను చల్లగా ఉండగానే మూడుకి పెట్టి, మర కదలకుండా బిగించేశాను. తర్వాత ఆ మీటరు కూడా తీసేశాను. వేడి మీద గంటన్నర తిప్పినా ఒక్క చుక్క కారలేదు. కారలేదనే నా నమ్మకం. అన్ని కీళ్ళ కిందా తెల్ల కాగితాలు పరిచి చూశాను. కాగితాలు పొడిగానే ఉన్నాయి.

నడుము విరిగిపోయింది. ఇంటికొచ్చి చెప్పులతోనే కుర్చీలో కూలబడ్డాను. ఆయన వచ్చి నా చెప్పులు విప్పారు.

జూలై 11, శుక్రవారం

డాక్టరుగారు వచ్చారు. ఈసారి భార్యతో. ఆవిడ సన్నగా, సరదాగా ఉన్నారు. నల్లబడ్డ బానెట్ చూసి, "మా పెళ్ళిలో మా ఆయన మొహం కూడా ఇలాగే ఉంది," అన్నారు. అందరం నవ్వాం.

ఇంజను వేడెక్కేదాకా తిప్పాం. డాక్టరుగారు చేతులు కట్టుకుని నా ముందు నిలబడ్డారు. "నాకు మీటర్లూ గీటర్లూ వద్దమ్మా. మీరొక్కసారి వాసన చూసి సరే అనండి. రేప్పొద్దున ఈవిడని ఎక్కించుకుంటాను."

ఇంజను మీదకి వంగాను. తమ్ముడు, డాక్టరుగారు, ఆవిడ ముగ్గురూ నా వెనక నిలబడి ఉన్నారు. ఎంత మాట, "సరే" అంటే సరిపోతుంది. కాగితాలు పొడిగా ఉన్నాయి, మర బిగించి ఉంది, నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు అది నిజం కూడా. కళ్ళు మూసుకుని రెండుసార్లు పీల్చాను, నాటకంలో వేషగత్తెలా. వేడిగాలి తగిలింది. అంతే.

కళ్ళు తెరిస్తే బానెట్ అంచు మీద తమ్ముడి కట్టు కట్టిన చెయ్యి ఉంది.

"నాకు వాసన రాదు డాక్టరుగారూ," అన్నాను. "జ్వరమొచ్చినప్పటి నుంచి రావడం లేదు. రెండు నెలలు కావస్తోంది. గేటు దగ్గర కూడా రాలేదు. మీటరు తప్పు సగమే. మిగతా సగం నాది. అందరి దగ్గరా దాచాను."

ఇంజను ఒక్కటే తిరుగుతోంది. తమ్ముడు చెయ్యి చాచి తాళం తిప్పి ఆపేశాడు. నావైపు చూడలేదు.

ముందు మాట్లాడింది డాక్టరుగారే. "నా చెయ్యి వణకడం మొదలైన ఏడాదికి గాని నేను ఆస్పత్రి మూయలేదమ్మా," అన్నారు. "ఆ ఏడాదిలో ఎవరెవరి పళ్ళు ఎలా పీకానో నాకు తెలుసు, మా ఆవిడకి తెలుసు."

తమ్ముడు షెడ్డు గుమ్మం దాకా వెళ్ళి అక్కడే నిలబడ్డాడు. నేను వాడి వెనకే వెళ్ళాను.

"తిట్టరా," అన్నాను.

"తిట్టడం నీ పని," అన్నాడు. "వాసన రావట్లేదురా అని ఒక్క మాట అంటే ఏం పోయేదక్కా? నా ముక్కు ఖాళీగానే ఉంది కదా. ఆ రోజు ఆ ఒక్క మాట ఉంటే నేను తిప్పేవాణ్ణి కాదు."

వాడి చెయ్యి ముట్టుకోబోయి, కట్టు చూసి భుజం పట్టుకున్నాను. వాడే కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చాడు. ఇంజను మీద వంగి, ఎడమ నుంచి కుడికి, ప్రతి కీలు దగ్గరా ఆగి ఆగి పీల్చాడు.

"ఏముంది రా?"

"వేడి నూనె. కొత్త రబ్బరు."

"పెట్రోలు?"

"లేదక్కా."

"మళ్ళీ చూడు."

మళ్ళీ చూశాడు. పంపు వేశాడు. టక్ టక్‌మని నాలుగుసార్లు కొట్టుకుని పంపు ఊరుకుంది. అది నేనూ విన్నాను. "లేదు," అన్నాడు.

"సరే డాక్టరుగారూ, తీసుకెళ్ళండి," అన్నాను.

ఇంటికొచ్చి ఈయనకి చెప్పాను. పేపరు మడత పెట్టకుండానే "తెలుసు" అన్నారు.

"ఎప్పటి నుంచి?"

"పాలు మాడిన రోజు నుంచి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకా!" అన్నారు.

నా నోటికి భయపడి వీళ్ళు ముక్కులు మూసుకున్నారు. ఇంట్లో ఈయన, షెడ్డులో వాడు. ఒకరు గ్యాసు నాబు చూసుకుంటూ బతికారు. ఇంకొకరు చెయ్యి కాల్చుకున్నారు.

జూలై 13, ఆదివారం

కప్ప కొండెక్కి దిగిందట. డాక్టరుగారి భార్య ఫోన్ చేసి, దారి పొడుగునా ఆయన పాటలు పాడారని, కారుకంటే అదే ఎక్కువ భయపెట్టిందని చెప్పారు.

తమ్ముడు నా బల్లని జరిపాడు. గోడ వైపు కాదు, వాడి బల్ల పక్కకి. పిల్లికి కోపం వచ్చింది. "వాసన నాది, చెవి నీది. తిట్లు మాత్రం సగం తగ్గించు," అన్నాడు.

రేపు ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. వాసన తిరిగి రాకపోవచ్చు కూడా. అది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఇవాళ కూరగాయలకి బయల్దేరాం. ఈయన చెప్పులేసుకుని, గుమ్మం దగ్గర ఆగి, నావైపు దొంగచూపు చూసి, మళ్ళీ వంటగది వైపు తిరిగారు.

"ఏమండీ," అన్నాను.

ఆగిపోయారు, తిట్టు కోసం.

"వాసన కూడా చూసి, ఎలా ఉందో నాకు చెప్పండి."

వెళ్ళారు. కాసేపటికి లోపలి నుంచే గట్టిగా చెప్పారు. "ఏమీ లేదు. బాగుంది."

తలుపు తాళం వేశాను.